తూలే నడకకు వీడియో గేమ్ ఎంతవరకు ఆసరా?

ఫిజియోథెరపీ అనగానే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎక్కువమందికి గుర్తొచ్చేది కరెంటు పెట్టడం. మోకాలి నొప్పి అయినా, నడుము పట్టేసినా, పక్షవాతం వచ్చినా "పది రోజులు కరెంటు పెట్టించాం" అనే చెబుతారు. పేషెంటును బల్ల మీద పడుకోబెడతారు, ప్యాడ్లు అతికిస్తారు, కండరం జివ్వుమంటుంది, కాసేపటికి లేచి ఇంటికి పోతారు. నొప్పి తగ్గించడంలో దాని ఉపయోగం దానికుంది. అయితే నిలబడితే తూలిపోయే మనిషికి పడుకోబెట్టి చేసే వైద్యంతో నిలకడ రాదు. నిలబడాలి, ఒక పక్కకు ఒరగాలి, పడబోయి సర్దుకోవాలి, మళ్లీ ఒరగాలి. పోయిన బ్యాలెన్స్ శరీరానికి తిరిగి అబ్బేది ఈ దారిలోనే.

ఇది వందలసార్లు, వేలసార్లు చెయ్యాల్సిన పని కావడమే పెద్ద చిక్కు. "గోడ పట్టుకుని ఎడమ కాలి మీద నిలబడండి, పది అంకెలు లెక్కపెట్టండి, మళ్లీ చెయ్యండి" అని కాగితం మీద రాసిస్తే మొదటి రెండు రోజులు శ్రద్ధగా చేస్తారు. మూడో రోజు సగం చేస్తారు. వారం తిరిగేసరికి ఆ కాగితం ఎక్స్‌రే కవర్లో ఉంటుంది. పేషెంటుది బద్ధకమని తిట్టడం తేలిక. కానీ చేసేది విసుగు పుట్టించే పని, ఫలితమేమో కంటికి కనిపించదు, చేశారా లేదా అని అడిగేవాళ్లూ ఉండరు. ఇంత ఓపిక ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే ఉండదు.

పునరావాస వైద్యంలోకి వీడియో గేములు వచ్చింది ఈ కారణంగానే. పదిసార్లకే విసుగొచ్చే కదలికను వందసార్లు చేయించగలగడంలోనే వాటి విలువ ఉంది. అంతకు మించి ఆశపడిన చోట నిరాశే ఎదురైంది. ఆ ఒక్క పనికి సరిగ్గా వాడుకున్న చోట మంచి ఫలితాలు కనిపించాయి. రెండు రకాల అనుభవాలూ పరిశోధనల్లో నమోదై ఉన్నాయి కాబట్టి కొంచెం వివరంగా చూడాలి.

మన జిల్లాల్లో ఎవరు తూలుతున్నారు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఏటా 6,84,000 మంది కిందపడి చనిపోతున్నారు. అనుకోకుండా తగిలే గాయాల వల్ల పోయే ప్రాణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినంత గట్టిగా పడేవాళ్లు ఏటా 3 కోట్ల 73 లక్షలు. మన ఇళ్లలో ఇది వార్త కూడా కాదు. తడిసిన కడప బండ, మడతపడిన పట్టా, తెల్లారుజామున చీకట్లో పెరట్లోకి వెళ్లడం, అంతే. పెద్ద వయసులో తుంటి ఎముక విరిగితే మంచాన పడటం, ఆ తర్వాత ఊపిరితిత్తుల ఇన్ఫెక్షనో పుండ్లో రావడం ప్రతి ఊరికీ తెలిసిన కథే.

తూలడానికి కారణాలు మనిషికొకటి. పక్షవాతం వచ్చి ఒక పక్క పట్టు తప్పినవాళ్లున్నారు. పదిహేను, ఇరవై ఏళ్లుగా షుగర్ ఉండి అరికాళ్లు మొద్దుబారినవాళ్లున్నారు. "దూది మీద నడుస్తున్నట్టుంది" అని వాళ్లే చెబుతారు. పదహారో నంబరు జాతీయ రహదారి మీద బైకు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన కుర్రాళ్లు, మోకాలు మార్పిడి ఆపరేషన్ అయిన ఆడవాళ్లు, పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల పట్టు సరిగా లేకపోవడం) ఉన్న పిల్లలు కూడా ఈ వరసలోనే వస్తారు.

వీటితో పాటు ఈ ప్రాంతానికే చెందిన ఇంకో బాధ ఉంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ మనుషుల్లో ఉందని మన దేశంలో మొట్టమొదట 1937లో వైద్య పత్రికకెక్కింది నెల్లూరు జిల్లా నుంచే. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. 1970లో అది ఏర్పడే దాకా పొదిలి, దర్శి, కనిగిరి వైపు పల్లెలు నెల్లూరులో భాగం. ఉమ్మడి ప్రకాశం పడమటి మండలాల్లో బోరు నీళ్లు తాగి పళ్లు గారపట్టినవాళ్లు, నడుము వంగిపోయినవాళ్లు, మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి చూసేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. ఎముకల్లో ఫ్లోరైడ్ పేరుకునేకొద్దీ వెన్ను, కీళ్లు బిగుసుకుపోతాయి. కొందరికి వెన్నుపాము మీద ఒత్తిడి పడి కాళ్ల పట్టు కూడా పోతుంది. బ్యాలెన్స్ గురించి ఇక్కడ రాసేటప్పుడు వీళ్లను వదిలేస్తే ఆ రాత సగమే అవుతుంది. వేరే దేశాల కోసం తయారైన ఆటలు వీళ్లను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

నిలబడటం వెనక జరిగే పని

వరి మడి గట్టు మీద నడిచే మనిషిని గమనిస్తే బ్యాలెన్స్ అంటే ఏమిటో తెలుస్తుంది. గట్టు ఎటు వంగిందో కళ్లు చెబుతాయి. మట్టి మెత్తగా ఉందా, గట్టిగా ఉందా, పాదం ఎటు ఒరిగిందీ అరికాలు, చీలమండ చెబుతాయి. తల ఎటు వాలిందో లోపలి చెవి చెబుతుంది. ఈ మూడు కబుర్లనూ మెదడు క్షణాల్లో కలిపి కాళ్లకు ఆజ్ఞ పంపుతుంది. చిన్న తూలు వస్తే చీలమండ దగ్గరే సర్దుకుంటుంది. కొంచెం పెద్దదైతే నడుము వంగి సరిచేస్తుంది. అదీ చాలకపోతే ఒక అడుగు పక్కకు పడుతుంది. పడకుండా ఆపే ఆఖరి ఆయుధం ఆ అడుగే. ముసలితనంలో అది కూడా నెమ్మదిస్తుంది.

షుగర్ వల్ల అరికాలి కబురు ఆగిపోయిన మనిషి పూర్తిగా కళ్ల మీద ఆధారపడతాడు. పగలు బాగానే తిరుగుతాడు, రాత్రి కరెంటు పోతే పడిపోతాడు. నిలబెట్టి కళ్లు మూయించి చూసే రాంబర్గ్ పరీక్షలో బయటపడేది ఇదే. వీళ్లకు ఆట ఎంచేటప్పుడు ఒక ఇబ్బంది ఉంది. తెర మీది ఆట మొత్తం కళ్లతోనే నడుస్తుంది. అసలే కళ్లను అతిగా నమ్ముకున్న మనిషికి కళ్ల పనే ఇంకా పెంచితే లోపం అక్కడే ఉండిపోతుంది. అందుకని వీళ్లకు ఆట మొదటి మెట్టు మాత్రమే అవ్వాలి. తర్వాత తెర ఆపేసి, మెత్తటి పరుపు ముక్క మీద, తక్కువ వెలుతురులో, పక్కన మనిషి ఉండగా నిలబడటం నేర్పాలి.

చుక్క ఏం చూపిస్తుంది

ఈ రంగానికి మలుపు ఆసుపత్రుల్లో రాలేదు, బొమ్మల దుకాణంలో వచ్చింది. 2006లో నింటెండో కంపెనీ వీ (Wii) అనే గేమ్ యంత్రాన్ని అమ్మింది. మరుసటి ఏడాది డిసెంబరులో జపాన్‌లో వీ ఫిట్ అనే ఆటతో పాటు ఒక బ్యాలెన్స్ బోర్డు తెచ్చింది. చూడటానికి ఇంట్లో బరువు చూసుకునే యంత్రం లాంటి పలక. దాని నాలుగు మూలల్లో నాలుగు సెన్సర్లుంటాయి. నులక మంచం మీద ఎటు జరిగి కూర్చుంటే ఆ పక్క కోళ్ల మీద ఎక్కువ బరువు పడినట్టే, నిలబడ్డ మనిషి ఎటు ఒరిగితే ఆ మూల సెన్సరు మీద ఎక్కువ భారం పడుతుంది. నాలుగు అంకెలనూ పోల్చి, శరీరపు బరువు పలక మీద ఏ బిందువు దగ్గర ఆనుతోందో యంత్రం లెక్కకడుతుంది. ఆ బిందువునే తెర మీద చుక్కగా చూపిస్తుంది. ఆటల్లో ఆ చుక్కే మంచు మీద జారే మనిషి అవుతుంది, తాడు మీద నడిచేవాడు అవుతుంది, బల్లను వంచి గోళీలను గుంటల్లో పడేసే చెయ్యి అవుతుంది.

ప్రయోగశాలల్లో ఇదే పనికి వాడే ఫోర్స్ ప్లేట్‌కు లక్షలు పెట్టాలి. 2010లో ఆస్ట్రేలియా పరిశోధకులు రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చారు. నిలబడినప్పటి ఊగిసలాటను కొలవడంలో ఈ ఆటబోర్డు ఆ ఖరీదైన యంత్రానికి దీటుగానే ఉందని తేలింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ కినెక్ట్ కెమెరా వచ్చింది. దానికి బోర్డే అక్కర్లేదు. ఎదురుగా నిలబడ్డ మనిషి కీళ్లు ఎక్కడున్నాయో అదే గుర్తుపడుతుంది. ఫిజియోథెరపిస్టులు రెండింటినీ ఉత్సాహంగా తమ గదుల్లోకి తెచ్చుకున్నారు. 2008లోనే అమెరికాలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఒక టీనేజీ పిల్లవాడితో వీ ఆటలు ఆడించి, వచ్చిన మార్పును ఫిజియోథెరపీ పత్రికలో రాశారు.

పక్షవాతం పేషెంటు విషయంలో ఈ చుక్క చేసే మేలు దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఎడమ పక్క చచ్చుబడి, కొంత కోలుకుని నిలబడగలుగుతున్న మనిషిని బోర్డు ఎక్కించారనుకుందాం. "రెండు కాళ్ల మీదా సమానంగా నిలబడండి" అంటే నిలబడతాడు. సమానంగానే ఉన్నానని నమ్ముతాడు కూడా. తెర మీద మాత్రం చుక్క కుడి అంచుకు అతుక్కుని ఉంటుంది. పట్టులేని కాలిని నమ్మలేక శరీరం తనకు తెలియకుండానే బరువంతా మంచి కాలి మీదికి తోసేసింది. "ఎడమ కాలి మీద బరువు వెయ్యండి" అని థెరపిస్టు పదిసార్లు చెప్పినా అర్థం కానిది ఆ చుక్కను చూడగానే అర్థమవుతుంది. మెల్లగా నడుము ఎడమకు జరుపుతాడు, చుక్క కదులుతుంది. ఇంకాస్త జరుపుతాడు, ఎడమ మోకాలు వణుకుతుంది, చుక్క మధ్య గీత దాకా వచ్చి మళ్లీ వెనక్కి పోతుంది. ఎంత ఒరిగితే ఎంత కదిలిందో ఆ క్షణంలోనే కనిపిస్తోంది కాబట్టి మళ్లీ ప్రయత్నిస్తాడు. ఎవరూ అడగకుండానే మళ్లీ ప్రయత్నించడం అనేది కాగితం మీద రాసిచ్చిన ఎక్సర్‌సైజుకు ఎప్పుడూ దక్కని అదృష్టం.

దక్కాల్సిన మోతాదు ఎంత తక్కువగా దక్కుతోందో చెప్పడానికి 2009లో వచ్చిన ఒక పరిశోధన చాలు. అమెరికా, కెనడాల్లో పక్షవాతం పేషెంట్ల 312 థెరపీ సెషన్లను పక్కన కూర్చుని లెక్కపెట్టారు. చేతి పనుల సాధన సగటున ఒక సెషన్‌కు 32సార్లు మాత్రమే జరిగింది. నడక సాధన జరిగిన చోట వేసిన అడుగులు సగటున 357. సౌకర్యాలకు కొదవలేని ఆసుపత్రుల సంగతే ఇది. ఉదయగిరి నుంచి నెల్లూరుకో, కనిగిరి నుంచి ఒంగోలుకో బస్సెక్కి వచ్చే పేషెంటుకు సెషన్లే తక్కువ. రానూపోనూ ఒక రోజు, తోడు వచ్చినవాళ్ల కూలి ఒక రోజు పోతాయి. పదో సెషన్ దాకా నిలిచేవాళ్లను చూసి మెచ్చుకోవాలి.

ఆధారాలు ఏం చెబుతున్నాయి

ఆటల మీద ఆశ పెట్టుకున్నవాళ్లు ముందుగా చూడాల్సింది 2016లో లాన్సెట్ న్యూరాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫలితం. నాలుగు దేశాల్లో 141 మంది పక్షవాతం పేషెంట్లను రెండు జట్లుగా చేశారు. మామూలు చికిత్స అందరికీ ఇస్తూనే, ఒక జట్టు చేత అదనంగా వీ ఆటలు, ఇంకో జట్టు చేత పేకాట, బింగో లాంటి మామూలు కాలక్షేపపు ఆటలు ఆడించారు. అక్కడ చూసింది చేతి పనితనం, బ్యాలెన్స్ కాదు. రెండు జట్లూ మెరుగయ్యాయి, తేడా మాత్రం ఏమీ లేదు. అంటే తెరలో మహిమ ఏమీ లేదు. చెయ్యి ఎంతసేపు, ఎంత శ్రద్ధగా కదిలిందన్నదే లెక్కలోకి వచ్చింది.

వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి సమీక్షించే కాక్రేన్ సంస్థ 2017లో 72 పరిశోధనలను, 2,470 మంది పేషెంట్ల వివరాలను ఒకచోట చేర్చి చూసినప్పుడు కూడా ఇదే కనిపించింది. మామూలు థెరపీ తీసేసి అంతే సమయం ఆట పెడితే చేతికి అదనపు లాభం రాలేదు. మామూలు థెరపీ ఉంచి, దానికి తోడుగా ఆట పెట్టి మొత్తం సాధన సమయం పెంచితే లాభం కనిపించింది. నడక వేగం, బ్యాలెన్స్ విషయంలో గట్టిగా ఏదీ తేల్చి చెప్పడానికి అప్పటికి ఆధారాలు చాల్లేదు. మన దగ్గర ఏ ఆసుపత్రి అయినా గేమ్ యంత్రం కొని, థెరపిస్టును తగ్గించుకుందామనుకుంటే ఈ ఫలితం దానికి సరైన జవాబు.

ముసలివాళ్లు పడిపోకుండా చూసుకోవడంలో మాత్రం చిత్రం ఇంకా ఆశాజనకంగా ఉంది. ఎక్సర్‌సైజు వల్ల పడిపోవడాలు సుమారు 23 శాతం తగ్గుతాయని 2019లో కాక్రేన్ సమీక్ష తేల్చింది. అక్కడ ఉన్నవి మామూలు వ్యాయామాలు. ఆటల మీద గట్టి పరీక్ష 2024 జనవరిలో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చింది. ఆస్ట్రేలియాలోని సిడ్నీ పరిశోధకులు 65 ఏళ్లు దాటిన 769 మందిని తీసుకున్నారు. ఒక జట్టు ఇంట్లో టీవీ ముందు చాప లాంటి ప్యాడ్ మీద అడుగులు వేస్తూ ఆటలాడింది. రెండో జట్టు అవే తరహా ఆటలను కూర్చుని చేత్తో ఆడింది. మూడో జట్టుకు ఆటల్లేవు. ఏడాది తిరిగాక చూస్తే, అడుగులు వేసిన జట్టులో పడిపోవడాలు ఆటలు లేని జట్టు కంటే 26 శాతం తక్కువ. కూర్చుని ఆడిన జట్టులో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

ఈ పరీక్షకు ఇంత చోటు ఇవ్వడానికి కారణం ఉంది. మెదడుకు పదును పెడితే చాలు, నడక దానంతటదే బాగుపడుతుందని కొందరు ఫోన్ ఆటలను అమ్ముతున్నారు. మంచం మీద కూర్చుని ఫోన్లో బొమ్మలు జతపరిచే ఆట వల్ల తాతకు పొద్దుపోతుంది, మంచిదే. దానితో నడకకు భరోసా వస్తుందని నమ్మితే మోసపోతాం. అడుగు పడాలి. అదీ పక్కకు, వెనక్కి, ముందుకు, అనుకోని క్షణంలో పడాలి. గట్టు మీద కాలు జారినప్పుడు ప్రాణం నిలబెట్టే అడుగు అలాంటిదే.

స్కోరు చెప్పే అబద్ధాలు

ఆటకు కావాల్సింది చుక్క కదలడం. చుక్క ఎలా కదిలిందో దానికి పట్టదు. పట్టులేని కాలి మీద బరువు వెయ్యడానికి బదులు భుజాలు వంచినా చుక్క కదులుతుంది. నడుము విరిచినట్టు ఒరిగినా కదులుతుంది. చేత్తో కుర్చీని నొక్కినా కదులుతుంది. మనిషి తెలివైనవాడు, స్కోరు వచ్చే తేలిక దారిని రెండు రోజుల్లో కనిపెడతాడు. తెర మీద నక్షత్రాలు మెరుస్తాయి, ఇంట్లోవాళ్లు చప్పట్లు కొడతారు, ఎడమ కాలు మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంటుంది. ఫిజియోథెరపిస్టు కళ్లు తెర మీద కాక, పేషెంటు తుంటి మీద, మోకాలి మీద ఉండాల్సింది ఇందుకే. మోకాలు వెనక్కి విరుచుకుంటోందా, మడమ నేలకు ఆనుతోందా, తుంటి పక్కకు పడిపోతోందా అన్నది ఏ బోర్డూ చెప్పదు.

ఇంకో ఇబ్బంది వేగం. దుకాణంలో దొరికే ఆటలు ఆరోగ్యవంతుల కోసం చేసినవి. వీ ఫిట్‌లో ఎదురొచ్చే ఫుట్‌బాల్‌ను తలతో కొట్టే ఆట ఉంది. బంతులతో పాటు బూట్లు కూడా ఎగిరొస్తాయి, వాటిని తప్పించుకోవాలి. యాభై ఏళ్ల ఆరోగ్యవంతుడికే తికమకగా ఉండే ఆట అది. పార్కిన్సన్స్ జబ్బు (వణుకు వచ్చి, కదలికలు నెమ్మదించే జబ్బు) ఉన్నవాళ్ల మీద బ్రెజిల్‌లో చేసిన పరిశోధనలో, వాళ్లు కొన్ని ఆటల్లో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలాగే మెరుగయ్యారు. త్వరత్వరగా ఆలోచించి నిర్ణయం తీసుకోవాల్సిన ఆటలు మాత్రం వాళ్లకు ఎక్కలేదు. జబ్బును బట్టి ఆట, ఆటలో మనిషిని బట్టి స్థాయి ఎంచడం థెరపిస్టు చెయ్యాల్సిన పని. పేషెంటుకు ఓడిపోయానన్న చిన్నతనం రెండు రోజులు వరసగా కలిగితే మూడో రోజు రాడు.

చుక్క కూడా ఎప్పటికీ తోడు ఉండకూడదు. ప్రతి క్షణం బయటి నుంచి సమాచారం అందుతుంటే శరీరం తన లోపలి కబుర్లను వినడం మానేస్తుంది. చూస్తూ ఆడినవాళ్లు చుక్క తీసేయగానే మళ్లీ ఒరిగిపోవడం తరచూ కనిపిస్తుంది. అనుభవం ఉన్న థెరపిస్టులు కొన్నాళ్లయ్యాక తెరకు గుడ్డ కప్పి, "ఇప్పుడు మధ్యలో ఉన్నారా, పక్కకు ఉన్నారా, మీరే చెప్పండి" అని అడిగి, తర్వాత గుడ్డ తీసి చూపిస్తారు. నేర్చుకోవడం మొదలయ్యేది ఆ ప్రశ్నతోనే.

ఎవరికి పనికిరాదు

"కళ్లు తిరుగుతున్నాయి" అన్న ఒక్క మాట కింద మనవాళ్లు పది జబ్బులు చెబుతారు. మంచం మీద పక్కకు తిరిగినప్పుడు గిర్రున తిరిగి, నిమిషంలోపు ఆగిపోతే అది లోపలి చెవిలో సన్నటి సున్నపు రేణువులు చోటు తప్పడం వల్ల కావచ్చు. దానికి ఎప్లీ పద్ధతిలో తలను వరసగా కొన్ని భంగిమల్లో తిప్పితే చాలాసార్లు తగ్గిపోతుంది, ఏ ఆటా అక్కర్లేదు. లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మితే బీపీ పడిపోతోందేమో చూడాలి, మందులు సరిచూడాలి. శుక్లాలుంటే ముందు కంటి ఆపరేషన్. బీ12 విటమిన్ తక్కువైతే ఇంజెక్షన్లు. కారణం తేలకముందే బోర్డు ఎక్కించడం ప్రమాదం.

ఫ్లోరోసిస్ సంగతికి వస్తే, బిగుసుకున్న వెన్నును ఏ ఆటా వంచలేదు. మెడ తిరగని మనిషిని తల తిప్పి చూడాల్సిన ఆటలోకి దించడం తప్పు. ఎక్స్‌రేలో ఎముక దట్టంగా కనిపిస్తున్నా పెళుసుగా ఉంటుంది, పడితే విరుగుతుంది. కాళ్లు కొయ్యబారడం, తిమ్మిర్లు పెరగడం, మూత్రం పట్టు తప్పడం ఉంటే వెన్నుపాము నలుగుతోందేమో న్యూరో డాక్టరు చూడాలి. ఇవేమీ లేనివాళ్లకు చీలమండలు, తుంటి కీళ్లలో మిగిలిన కదలికను నిలబెట్టుకోవడానికి, నెమ్మదిగా బరువు మార్చే ఆటలు రెండు చేతులకూ పట్టు ఇచ్చి ఆడించవచ్చు. ఈ జిల్లాల్లోని ఫిజియోథెరపీ కాలేజీలు ఈ పేషెంట్లకు తగిన ఆటలను రూపొందిస్తే బాగుంటుంది. ఇక్కడ అనుభవానికీ, పేషెంట్లకూ కొదవ లేదు.

కళ్లు మొత్తం మూసేసి, లోపల బొమ్మల లోకం చూపించే వీఆర్ కళ్లజోళ్ల గురించి కూడా అడుగుతున్నారు. అసలే తూలే మనిషికి నేల కనిపించకుండా చేసి నిలబెట్టడం మంచిది కాదు. కొందరికి వికారం, తల తిప్పడం కూడా వస్తుంది. థెరపిస్టు పక్కనుండి, కూర్చోబెట్టి వాడే సందర్భాలున్నాయి. ఇంట్లో వద్దు.

ఇక్కడ ఎలా పెట్టుకోవచ్చు

వీ యంత్రం తయారీ ఎప్పుడో ఆగిపోయింది, కినెక్ట్ తయారీ 2017లో ఆగింది. వాటి కోసం సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోనక్కర్లేదు. ఇప్పుడు మామూలు ఫోన్ కెమెరాతోనే మనిషి కదలికను గుర్తించే పద్ధతులు వచ్చాయి. గూగుల్ 2020లో అందుబాటులోకి తెచ్చిన ఒక పద్ధతి శరీరం మీద 33 బిందువులను గుర్తుపడుతుంది. ఫోన్ను స్టాండు మీద పెట్టి, తెరను ఇంట్లో టీవీకి కలిపితే నెల్లూరులోని క్లినిక్‌కూ, ఆత్మకూరు దగ్గర పల్లెలో ఇంటికీ పరికరం విషయంలో పెద్ద తేడా ఉండదు. తేడా వచ్చేది ఆటను ఎవరు ఎంచారు, ఎవరు సరిచూస్తున్నారు అన్న చోట. మొదటి కొన్ని సెషన్లు క్లినిక్‌లో, ఆ తర్వాత ఇంట్లో ఆడుతూ వారానికోసారి వీడియో పంపడం, పదిహేను రోజులకోసారి వచ్చి స్థాయి మార్పించుకోవడం అన్న పద్ధతి మన బస్సు దూరాలకు సరిపోతుంది.

ఇంట్లో ఆడించేటప్పుడు గది మూల మంచి చోటు. రెండు గోడలూ వెనక, పక్కన ఉంటాయి, ఎదురుగా బరువైన కుర్చీ పెట్టాలి. ప్లాస్టిక్ కుర్చీ పనికిరాదు, పట్టుకుంటే జరుగుతుంది. నేల తుడిచిన వెంటనే ఆడకూడదు. చీర కుచ్చిళ్లు కాలికి తగలకుండా ఎత్తి దోపుకోవాలి, లుంగీ అయితే పైకి కట్టుకోవాలి. జారే హవాయి చెప్పులు వద్దు. షుగర్ ఉన్నవాళ్లు ఆడేముందూ ఆడాకా అరికాళ్లు చూసుకోవాలి, పుండు ఉంటే ఆట ఆపాలి. తోడున్న మనిషి పట్టులేని పక్కన, కాస్త వెనగ్గా నిలబడాలి. తూలితే నడుము దగ్గర పట్టుకోవాలి. పక్షవాతం వచ్చిన చేతిని పట్టుకుని లాగితే భుజం కీలు జారవచ్చు. ఇది ఎంతో మంచి మనసుతో, రోజూ, దాదాపు ప్రతి ఇంట్లో జరిగే పొరపాటు.

ఆ తోడు మనిషి మనవడో మనవరాలో అయితే సాధన ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఫిజియోథెరపిస్టు చెబితే మొహమాటానికి చేస్తాడు, పదేళ్ల మనవడు "తాతా, ఎడమ కాలి మీద ఆనుకో, అటు ఒరిగిపోబాకు" అంటే పంతానికి చేస్తాడు. అయితే పిల్లలు పక్కన ఉత్సాహానికే. పట్టుకోవడానికి పెద్దవాళ్లు ఉండి తీరాలి.

పిల్లల విషయం వేరు. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలకు వచ్చే సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు ఆట అంటే చెప్పక్కర్లేదు, ఆపడమే కష్టం. వాళ్లకు తెర కన్నా తెర బయటి ఆటలు ఎక్కువ ఇవ్వాలి. ముగ్గుతో గీసిన తొక్కుడుబిళ్ల గళ్లలో ఒంటికాలి గెంతు, ఆగడం, వంగి బిళ్ల తియ్యడం, తిరగడం అన్నీ ఉన్నాయి. గళ్లు పెద్దవి చేసి, పట్టుకోవడానికి గోడ పక్కన గీస్తే సగం పిల్లలు ఆడగలుగుతారు. తోటి పిల్లలతో కలిసి ఆడగలగడం ఆ పిల్లలకు ఏ స్కోరు కన్నా పెద్దది.

ఆట పనిచేస్తోందా లేదా అన్నది ఆటలోని స్కోరుతో కాక వేరే కొలతతో చూసుకోవాలి. దానికి ఒక కుర్చీ, మూడు మీటర్ల నేల, ఫోన్లో గడియారం చాలు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్ల దగ్గర గీసిన సుద్ద గీత దాకా మామూలుగా నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోవాలి. 1991 నుంచీ ప్రపంచమంతా వాడుతున్న పరీక్ష ఇది. పెద్దవయసు వాళ్లకు 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టు అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క. పదిహేను రోజులకోసారి, అదే కుర్చీతో, అదే చెప్పులతో, పక్కన మనిషిని పెట్టుకుని చేసి, తేదీ వేసి నోటు పుస్తకంలో రాయాలి. ఆటలో స్కోరు పెరుగుతూ, ఈ సెకన్లు తగ్గకపోతే సాధన కాళ్ల దాకా చేరడం లేదన్నమాట. అప్పుడు ఆ పుస్తకం పట్టుకుని థెరపిస్టు దగ్గరికి వెళ్లి ఆట మార్పించుకోవాలి, లేదంటే కొన్నాళ్లు టీవీ ఆపి వరండాలో పక్క అడుగులు, వెనకడుగులు వేయించుకోవాలి.